చెంబులోకొచ్చిన గుడారం

రాజుగారి వేట గుడారాలు కుట్టే ఓబులేసు ఆ ఏడు కొత్తవి కుట్టకుండా పాతవాటికే మాసికలు వేశాడు. దండనాయకుడు మండిపడ్డాడు.

"ప్రభువులకు అతుకుల గుడారమా? కొత్తది కుట్టి ఎర్రరంగులో ముంచు!"

"చిత్తం. విడిది మాత్రం ఎప్పట్లా ఎగువన కాకుండా మా ఊరి రేవులో వేయించండి. జింకలెక్కువ."

వేటాడి దాహంతో వచ్చిన రాజుకి సేవకులు వాగునీళ్లు తెచ్చారు. చెంబు నిండా ఎరుపే!

"ఏమిటిది?"

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "తమరి గుడారం రంగే, ప్రభూ. ఈ రేవుకు పైనే, పొద్దున ముంచాం. గుడ్డకు పట్టగా మిగిలింది వాగులో కలుస్తుంది. ఏటా మేం తాగేది అదే."

రాజు చెంబు దించేశాడు. "ఆ అతుకులదే వేయండి. ఇక రంగు మాటెత్తొద్దు."

మరుసటి ఏడు తేటనీళ్లు ముంచుకుంటూ ఊరి ఆడవాళ్లు ఓబులేసుకి దండం పెట్టబోయారు.

"నాకెందుకమ్మా! ఆ పూట రాజుగారికేసిన దాహానికి పెట్టండి."