ముహూర్తం కోట దాటడానికే

శ్రావణమాసంలో రాజుగారి మన్యం యాత్రకు ఆస్థాన సిద్ధాంతి ముహూర్తం పెట్టాడు. దారిలో ఏరు పొంగుతోంది. కిందటేడు ఇలాగే దాటబోయి ఇద్దరు బోయీలు కొట్టుకుపోయారు. అందుకే పల్లకీ మోసే బోయీల పెద్ద గంగులు వచ్చి రాజుగారి ముందు చేతులు కట్టుకున్నాడు.

"కార్తీకం దాకా ఆగుదాం ప్రభూ."

"ముహూర్తం తప్పితే అరిష్టం," అని సిద్ధాంతి కసిరాడు.

"తప్పొద్దు స్వామీ. ఇంతకీ ఆ ముహూర్తం కోట దాటడానికా, ఏరు దాటడానికా?"

"ప్రయాణ ముహూర్తమంటే గడప దాటడానికేరా."

"అయితే ఆ ఘడియకే కోట దాటిద్దాం. ఏరు తగ్గేదాకా ప్రభువులు ఊరిబయట మామిడితోట విడిదిలో ఉంటారు."

లోలోపల తనకూ గుబులుగానే ఉన్న రాజుగారు నవ్వి సరేనన్నారు.

మేళతాళాలతో కోట దాటిన పల్లకీ అరకోసు దూరంలో దిగింది. ఆ వానాకాలమంతా గంగులు విడిది అరుగు మీద పొడికాళ్లతో కూర్చుని, ఏటి హోరు వింటూ చుట్ట కాల్చుకున్నాడు.