చెంచయ్య హోటలు వెనుక గోడ

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు దస్తగిరి మాస్టారికి లేదు. రైల్వే డ్రాయింగు ఆఫీసులో ముప్పయ్యేళ్లు గీతలు గీసి రిటైరైన మనిషి. నంద్యాలలో తన మేడమీది గదిలో, పాత మీటర్‌గేజీ లైను మీది కొండమిట్ట స్టేషనును రెండు బల్లల మీద మళ్లీ కట్టుకుంటున్నారు. నిజంలో ఏడడుగులైతే అక్కడ అంగుళం. లైను వెడల్పు చేసిన ఏడాది ఆ స్టేషనూ, దాని పక్కనున్న అంగళ్లూ అన్నీ నేలమట్టమయ్యాయి. మేం నలుగురైదుగురు శిష్యులం ఆదివారాలు చేరి, అట్టలతో, అగ్గిపుల్లలతో ఆ పోయిన ఊరిని నిలబెడుతుంటాం. పనీపాటా లేనివాళ్లమని మా ఇళ్లల్లో మాకు మంచి పేరే ఉంది.

మాలో చెయ్యి తిరిగింది కుముదినికి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. పట్టాల పక్కనుండే చెంచయ్య హోటలు ఆమె వంతుకు వచ్చింది. ఫోటో ఒక్కటీ దొరకలేదు. పాత గార్డులనూ, కూలీలనూ, గ్యాంగుమన్‌లనూ వెతికి పట్టుకుని, అడిగి రాసుకుని, రెండు నెలలు కూర్చుని కట్టింది. పెంకుల కప్పు, నాపరాళ్ల అరుగు, సూది మొనతో రాసిన బోర్డు. చూస్తే ఒక ప్లేటు ఉగ్గాని తెమ్మని కేకేయాలనిపించింది. వెనుక గోడ మాత్రం తెల్ల అట్టగానే వదిలేసింది. దాని వెనకాలే మాస్టారు నల్లమల కొండలు గీసిన చెక్క బోర్డు ఉంటుంది. మధ్యలో వేలు కూడా దూరదు.

"మాస్టారూ, ఎవరూ చూడని గోడ కూడా కట్టాలంటారా?" అని అడిగింది.

దేవుడు చూస్తాడనో, పనివాడి మనసు చూస్తుందనో అంటారని మేం చెవులు రిక్కించాం. ఆయన, "వచ్చే ఆదివారం చెప్తానమ్మా" అని ఊరుకున్నారు.

ఆ ఆదివారం ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి తీసుకొచ్చారు. ఆమె ఓబులమ్మ, చెంచయ్య భార్య. చెంచయ్య పోయి పన్నెండేళ్లయింది. ఆమెకు కళ్లలో నీటికాసుల జబ్బు. "పక్కచూపులు పోయినాయి నాయనా, ఎదురుచూపొకటే మిగిలింది" అని తనే నవ్వింది. అదీ ఆరు నెలలకు మించి నిలవదని డాక్టరు చెప్పాడట. చూపుండగా తమ హోటలు ఒక్కసారి చూసుకుని పోవాలని వచ్చింది.

కుముదిని ఆమెను బల్లకు ఎదురుగా కూర్చోబెట్టింది. ఓబులమ్మ చాలాసేపు చూసింది. చూసేకొద్దీ ముఖం వాడిపోయింది.

"బాగుండాది పాపా. మాది మాత్రం కాదు."

కుముదిని రాసుకున్న కాగితాలు తిరగేసింది. "తలుపు ఏడడుగులే కదా అవ్వా? బోర్డు పచ్చరంగే కదా?"

"ఏమో తల్లీ. గార్డులు, డ్రైవర్లు కూచునే చోటికి ఇంటి ఆడమనిషి వస్తాదా? నాలుగైదుసార్లు వచ్చింటే వచ్చింటా, అదీ తలొంచుకోని. ఇరవై యెనిమిదేండ్లు ఎనకమాలే ఉంటి. ఎనకమాల చూపీ, చెప్తా."

చూపించడానికి అక్కడ తెల్ల అట్ట తప్ప ఏముంది? నలభై మందిని అడిగిన కుముదిని, వండిన మనిషిని అడగలేదు. మాకూ తోచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మాస్టారు లేచి, స్క్రూలు విప్పి, నల్లమల మొత్తాన్ని తీసి గది గోడకు ఆనించారు. "చెప్పండి ఓబులమ్మ గారూ" అన్నారు.

ఆమె చెబుతూ పోయింది, కుముదిని కోస్తూ అతికిస్తూ పోయింది. మసి పట్టిన గోడ. నీళ్ల బానలు పెట్టే బండ. మూల రుబ్బురోలు. పొద్దుటి ప్యాసింజరు వస్తుంటే రోట్లో పిండి వణికేదట. అది చూసి ఇడ్లీలు దించేదట. ముందు గదిలోకి ప్లేట్లు అందించే చిన్న కిటికీ, దాని అడుగున అరిగిపోయిన చెక్క. మధ్యాహ్నానికి గోడ నిలబడింది. ఓబులమ్మ బల్ల వెనక్కి వచ్చి కూర్చుని, వంగి ఆ కిటికీకి కన్ను ఆనించింది.

"ఇదీ మా ఇల్లు" అంది. ఈసారి హోటలనలేదు.

మాస్టారు మీట నొక్కారు. రైలు కదిలింది. కిటికీలోంచి ముందు గది, ముందు గదిలోంచి తలుపు, తలుపు అవతల ఒక్కొక్కటిగా పెట్టెలు. ఆమె ఉలిక్కిపడింది.

"ఇంత దగ్గర పోతుండెనా రైలు!"

మాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది: "ఈ కిటికీకి ఎప్పుడూ మా ఆయన వీపే అడ్డం. చప్పుడు వినడమే గానీ ఇక్కడ్నుంచి ఒక్కనాడన్నా రైలు చూసింటినా?"

కుముదిని గబగబా తన సామాన్ల పెట్టె తెరిచి, గోరంత మనిషి బొమ్మ ఒకటి తీసింది. "అయితే ఆయన్ని అక్కడ నిలబెట్టనా అవ్వా?"

"ఉండు పాపా! అన్నేండ్లు అడ్డం నిలబడినాడు గదా, కాసేపన్నా నన్ను రైలు చూడనీ."

మేమంతా గొల్లున నవ్వాం. ఆమె మాత్రం కన్ను తీయలేదు. రైలు ఏడెనిమిది చుట్లు తిరిగింది. చివరికి ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని నిటారుగా కూర్చుంది.

"చాలు. ఇంక ఆయన్ను నిలబెట్టు తల్లీ. ఆయన లేకుంటే అది మా కిటికీ కాదు."

కుముదిని బొమ్మను వేళ్ల మధ్య పట్టుకుని, అన్నిటికన్నా సన్నని కుంచె ఎంచుకుని, మీసం దిద్దడానికి వంగింది. మాస్టారు ఆమె పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ముఖం ఎట్లున్నా ఫర్వాలేదమ్మా. వీపు బాగా వెయ్యి."