విని చెప్పబడును

పాత డీజిల్ కారొకటి ఓబులేసు పరువు తీయడానికే పుట్టినట్టు వచ్చి అతని షెడ్డులో కూర్చుంది. నిలబెట్టి ఇంజిన్ ఎంత రైజు చేసినా బుద్ధిగా ఉంటుంది. నంద్యాల దాటి నాలుగో గేరులో వేగం అందుకుందంటే చాలు, ముందు వైపు నుంచి గుర్రుమని ఒకటే మూలుగు. నాజిళ్లు మార్చాడు. ఇంజిన్ రెండుసార్లు విప్పి బిగించాడు. మూలుగు మూలుగుగానే ఉంది.

కారు నరసోజీది. టాక్సీ స్టాండుకు అతనే పెద్ద. అతని కారు ఎక్కడికి పోతే స్టాండు కార్లన్నీ అక్కడికే. ఆ నరసోజీ అందరి ముందూ అనేశాడు.

"ఈ పొద్దు మాపటికల్లా సంగతి తేల్చు. లేదంటే రోడ్డు దాటించుకుంటా."

రోడ్డు దాటితే దస్తగిరి ఉస్తాదు షెడ్డు. ఓబులేసు స్పానరు పట్టుకోవడం నేర్చింది అక్కడే. వదిలి వచ్చిన రోజు ఆ షెడ్డు ముందున్న టీ బంకు దగ్గర నిలబడి, "ముసలాయనకు చెవులు మందగించినాయప్పా. ఇంక బండ్లకేం వైద్యం చేస్తాడు" అన్నాడు. ఎదురుగానే సొంత షెడ్డు పెట్టాడు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పబడును' అని రాయించాడు.

ఉస్తాదుకు చదువు రాదు. ఆ బోర్డును మాత్రం ఇద్దరి చేత చదివించుకున్నాడట. ఆనాటి నుంచి ఓబులేసు పేరు ఆయన నోట రాలేదు. 'ఎదురుషెడ్డు' అనేవాడు, అంతే.

నరసోజీ తోలుకుపోయేదాకా ఉండేకంటే తానే తోలుకుపోవడం నయమనుకున్నాడు ఓబులేసు. స్టాండులో జనం పలచబడిన ఎండపూట చూసి కారుతో రోడ్డు దాటాడు.

ఉస్తాదు ఆకురాయితో ఏదో బుష్షు రాస్తున్నాడు. ఎదురుగా మనిషి నిలబడ్డా తల ఎత్తలేదు. పని తన మనసుకు నచ్చేదాకా రాసి, ఊది, వేలితో తడిమి, అప్పుడు ఓబులేసు ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఎదురుషెడ్డాయన వచ్చినాడు. కుర్చీ వేయండ్రా."

షెడ్డులో ఇంకెవరూ లేరు. కుర్చీ అసలే లేదు.

"ఇంజిన్లో శబ్దం ఉస్తాద్. ముందు నుంచే వస్తాంది. చిక్కడం లేదు."

"విన్నావా?"

"దినమంతా విన్నా."

ఉస్తాదు చెవి మడతలో ఎప్పుడూ అత్తరు దూది ఉంటుంది. దాన్ని తీశాడు. రెండుగా చీల్చి ఉండలు చేసి, ఓబులేసు రెండు చెవుల్లోనూ గట్టిగా కుక్కాడు. తర్వాత అతని బూట్ల వైపు వేలు చూపించాడు.

ఏ కారు ఎక్కాలన్నా ఉస్తాదు చెప్పులు బయటే విడుస్తాడు. బండి అంటే ఆయనకు భక్తి అని శిష్యులంతా అనుకునేవాళ్లు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఓబులేసూ అలాగే విడిచేవాడు. సొంత షెడ్డు పెట్టాకే బూట్లు కొన్నాడు.

ఇప్పుడు వాటిని ఉస్తాదు షెడ్డులోనే విప్పి, వెనక సీట్లో కూర్చున్నాడు. ఉస్తాదు స్టీరింగు పట్టాడు.

ఊరు దాటింది. లారీలు చప్పుడు లేకుండా ఎదురొచ్చి పోతున్నాయి. అత్తరు వాసన ఒక్కటే ఉంది. నాలుగో గేరు పడింది. మూలుగు వినిపించలేదు. కానీ అరికాలి కింద ఏదో మొదలైంది, గుప్పిట్లో పట్టిన తుమ్మెదలాగా. కాలు ముందుకు జరిపాడు. తగ్గింది. వెనక్కి జరిపాడు. తగ్గింది. మధ్యలో రేకు ఉబ్బుగా ఉన్నచోట మడమ ఆనించాడు. అక్కడుంది.

ఉస్తాదు అద్దంలో అతన్నే చూస్తూ గేరు న్యూట్రల్ చేసి, ఎక్సలేటరు మీంచి కాలు తీశాడు. ఇంజిన్ నిదానించింది. మడమ కింద అదురు అలాగే ఉంది.

కారు ఆగగానే ఓబులేసు కిందికి దూరాడు. వెనక చక్రాలకు పోయే పొడుగు షాఫ్టును పట్టి ఊపాడు. దాని క్రాస్ జాయింటు వదులుగా ఆడింది. ఎర్రటి తుప్పు పొడి ముఖం మీద రాలింది. వెంటనే బయటికి రాలేదు. రెండుసార్లు విప్పిన ఇంజిన్ గుర్తొచ్చింది.

వచ్చేసరికి ఉస్తాదు రోడ్డు వారన కూర్చుని బీడీ ముట్టించి ఉన్నాడు. ఓబులేసు దూది తీశాడు.

"క్రాసు నీ షెడ్డులోనే మార్చుకో. ఎదురుషెడ్డు పనులు నాకొద్దు," అన్నాడు ఉస్తాదు.

ఓబులేసు తల వంచుకుని ఏదో గొణిగాడు.

"తలెత్తి చెప్పు."

ఎత్తాడు. "ఆ పొద్దు టీ బంకు కాడ నేనన్న మాట... ఎవరు మీ చెవినేసినారో గానీ..."

"ఎవురూ వేయల్యా. నువ్వంటాంటే చూసినా."

ఓబులేసు ఆయన కళ్లవైపు చూశాడు. అవి తన పెదాల మీద ఉన్నాయి. పని నేర్చుకున్నన్నాళ్లూ అక్కడే ఉండేవి.

"మీకు చెవులెప్పుడు పోయినాయి ఉస్తాద్?"

ఉస్తాదు పొగ వదిలాడు.

"నువ్వు నా దగ్గర చేరకముందే."

ఆ మధ్యాహ్నం, ఆయన్ని షెడ్డు ముందు దించి, కారు తన షెడ్డులో పెట్టాక, ఓబులేసు బూట్ల కోసం మళ్లీ రోడ్డు దాటి వెళ్లాడు. వాటిని చేతపట్టుకునే తిరిగొచ్చాడు. తారు కాలుతోంది.