సత్తు పడవ వెనకచెక్క

అనగా అనగా, రాజులకు కిరీటాలతోపాటు ఇంజన్లు కూడా అబ్బిన కాలంలో, ఏటి నడుమ ఇసకలంక అనే రాజ్యం ఉండేది. రాజ్యానికంతటికీ ఒక్కటే పడవ, పాత సత్తు పడవ. దాని వెనక, రెండు సత్తు రేకుల మధ్య బిగించిన మందపాటి చెక్కకే ఇంజను వేలాడేది. ఏటా ఇంజనుకు పూజచేసి, ఆ చెక్క మీదే నూటొక్క కొబ్బరికాయలు కొట్టడం అక్కడి ఆచారం.

ఏటా వచ్చే వరదకు నెల ముందు, పడవ నడిపే ముత్యాలు కొలువుకు వచ్చింది.

"మారాజా, వెనకచెక్క కుళ్లింది. ఇంజను పూనకం వచ్చినట్టు ఊగుతోంది. వరదొస్తే లంక జనమంతా దాటాల్సింది ఈ పడవమీదే."

మంత్రి చిద్విలాసుడు నవ్వాడు. "మెరుపు తగ్గింది, అంతే. వెండిరంగు పూయించండి!"

పూశారు. జనం చప్పట్లు కొట్టారు. పూత పాలకులది, మునక ప్రజలది అని ఒక్కరికీ తోచలేదు.

పదిహేను రోజులకు ముత్యాలు మళ్లీ వచ్చింది. "ఇంకా ఊగుతోంది మారాజా."

"అయితే రాగిరేకులు కొట్టండి. రాచఠీవి!" అన్నాడు మంత్రి.

తడిలో రాగి తగిలిన చోటల్లా సత్తు తెల్లటి పొడిగా రాలింది.

"విభూతి! శుభసూచకం!" అన్నాడు మంత్రి.

వరద ఐదు రోజుల్లో ఉందనగా ముత్యాలు మూడోసారి వచ్చింది.

"పెద్ద ఇంజను పెట్టండి! బలమైన రాజ్యానికి బలమైన ఇంజను!" అన్నాడు మంత్రి.

ముత్యాలు రాజునూ మంత్రినీ రేవుకు తీసుకెళ్లి, బోల్టు బెజ్జంలో గరిటెకాడ దూర్చి తిప్పింది. నల్లటి గుజ్జు, దాని వెంట ఒక పుట్టగొడుగు బయటికొచ్చాయి.

"కూర వండించుకోండి మంత్రిగారూ."

"రాజద్రోహం! నిన్ను లంక నుంచి వెళ్లగొడతాను!"

"వెళ్లాలన్నా ఈ పడవే కదా బాబూ! గట్టిదంటున్నారుగా, ముందు మీరిద్దరూ ఎక్కి చూపించండి."

రాజుకు పౌరుషం వచ్చింది. ఎక్కాడు. మంత్రికి తప్పలేదు. ముత్యాలు మాత్రం ఇంజనుకు పొడవాటి తాడు కట్టి, రెండో కొస రేవు గుంజకు వేసింది.

పది బారలు పోయారో లేదో, ఫట్‌మని చెక్క చీలింది. ఇంజను బుడబుడమంటూ నీళ్లలోకి దిగిపోయింది. ఆ కుదుపుకు ఏట్లో పడ్డ రాజు, మంత్రి నడుంలోతు నీళ్లలో ఒకరినొకరు కావలించుకుని నిలబడ్డారు.

కిరీటానికి చుట్టుకున్న నాచుతో ఒడ్డెక్కిన రాజు అడిగాడు, "ముత్యాలూ, ఇప్పుడేం చెయ్యాలి?"

"ముందు గోకాలి మారాజా. మీరూ పట్టండి."

తాడుపట్టి ఇంజను లాగి ఆరబెట్టారు. రాగి పీకేశారు. తెల్లపొడి గోకారు, గుజ్జు తోడారు. కొత్త టేకుచెక్క కోసి, ప్రతి బెజ్జం లోపలా తారు పట్టించి, బోల్టు కింద రబ్బరు బిళ్ల వేసి బిగించారు.

"ఇంత లోపలికి ఏటినీళ్లు ఎలా దూరాయి?" అని గోకుతున్నప్పుడే అడిగాడు రాజు, చేతి బొబ్బలు ఊదుకుంటూ.

"ఏటినీళ్లు కావు మారాజా. ఏటేటా మనం పోసిన కొబ్బరినీళ్లే."

రాజు ఇంకాస్త గట్టిగా గోకాడు.

ఐదో రోజు వరద వచ్చింది. పసిపిల్లలు, ముసలివాళ్లు, మేకలు, అందరూ దాటారు. ఇంజను ఇసుమంతైనా ఊగలేదు. ఆఖరి విడతలో, జోరువానలో మంత్రి లేచి గొంతు సవరించుకున్నాడు. "ప్రభువుల దూరదృష్టి వల్ల..."

"కూర్చుని వాననీళ్లు తోడవయ్యా!" అన్నాడు రాజు.

కాబట్టి పిల్లలూ, కుళ్లుకు రంగు పూసేవాడు రాజ్యాన్ని ముంచుతాడు. కుళ్లును గోకి చూపేవాళ్లే ఒడ్డు చేరుస్తారు.