ముసుగు రౌతు

వినండి పిల్లలూ, కొండలు కూడా మాట్లాడేవని చెప్పుకునే కాలంలో మణిగిరికి ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడు చండకేతు. పేరుకు తగ్గట్టే ముక్కుమీద కోపం.

మణిగిరిలో ఏటా తొలకరికి ముందు గుర్రాల జాతర జరిగేది. రౌతులు వేపచెక్క ముసుగులు పెట్టుకుని, గుర్రాలను దౌడు తీయిస్తూ, తాడుకు వేలాడే వెండి కడియాన్ని బల్లెంతో గుచ్చి తేవాలి. తెస్తే వానలు. ముసుగులో ఉన్నవాడి పేరు ఎవరూ అడగకూడదు. రాజు కొడుకైనా, కుమ్మరి కొడుకైనా, ఆ పూట వాడు భూదేవి పంపిన రౌతే.

ఒక ఏడు, రౌతులు ఇంకా ముసుగులు పెట్టుకోకముందే, కరాళుడనే మాంత్రికుడు నల్లగుర్రం మీద వచ్చిపడ్డాడు. రౌతులను పేరు పేరునా పిలిచాడు. పలికినవాడల్లా గుర్రంతో సహా కొయ్యబొమ్మ అయిపోయాడు. మిగిలినవాళ్ళు కోటవైపు పరుగెత్తారు. తలుపులు మూసి ఉన్నాయి. మూయించింది రాజే! చండకేతు అన్నలిద్దరూ ఆ తలుపులు బాదుతూ బాదుతూనే కొయ్యబారారు. కరాళుడు అందరినీ మూటకట్టి తీసుకుపోయాడు.

"తలుపు ఎందుకు తీయలేదు నాన్నగారూ?" కోట లోపలే ఉన్న చండకేతు తండ్రిని నిలదీశాడు.

"రాజ్యం బతకాలి కద నాయనా..."

"బయట చచ్చింది రాజ్యం కాదా?"

అన్నలను విడిపించాలని, మంకెన అనే ఎర్రగుర్రాన్ని ఎక్కి అప్పుడే బయలుదేరాడు. కోపం పట్టలేక దాని డొక్కలో తన్నాడు. మంకెన ఆగిపోయింది.

"నన్నెందుకు తన్నుతావు? నేను తలుపు వేశానా? ఆ కోపం ఆ మాంత్రికుడికోసం దాచిపెట్టు" అంది.

చండకేతు సిగ్గుపడి దాని మెడ నిమిరాడు. మంకెన ఒక సముద్రం ఈదింది, రెండు ఈదింది, ఏడూ ఈదింది. అలసిన చోటల్లా తాబేళ్ళు వీపులిచ్చి మోశాయి.

ఆవలి ఒడ్డున కరాళుడి కోట. కోటలో కొయ్యరౌతులకు రంగులు వేస్తూ ఒక పిల్ల కనిపించింది. నీలవేణి, వాడు ఎత్తుకొచ్చిన వడ్రంగి కూతురు.

"వీళ్ళకు రోజూ కళ్ళు దిద్దుతాను. కన్నీళ్ళు కారి రంగు చెరిగిపోతుంది. వాడికది వినోదం!" అంటూ కుంచె విసిరికొట్టింది. "వాడి ప్రాణం చిలకలో ఉంది. రెండు తాళ్ళ నడుమ పంజరం వేలాడుతోంది. కింద పాములు. దౌడుమీద వెళ్ళి బల్లెంతో అందుకోవాలి. కానీ ముఖం చూస్తే చిలక పేరు పట్టేస్తుంది. ఏమని పిలిచినా సరే, పలికావో, కొయ్యవే."

ఆమె ముసుగు చెక్కి ఇచ్చింది. చండకేతు పెట్టుకుని మంకెనను దూకించాడు.

"ఎవరు నువ్వు?" అంది చిలక. చండకేతు పలకలేదు.

"పిరికి రాజు కొడుకువా?" అంది చిలక. ఒళ్ళు భగ్గుమంది. పలకలేదు.

"నీ అన్నలు తలుపు బాదుతూ చిన్నపిల్లల్లా ఏడ్చారు, తెలుసా?"

నోటిదాకా వచ్చిన కేకను పెదవి కొరికి ఆపుకున్నాడు. నెత్తురు గడ్డం మీదుగా కారింది. పాములు పడగలెత్తేలోగా మంకెన గాలిలోకి లేచింది. పంజరం బల్లెం మొనకు చిక్కింది. కరాళుడు రొప్పుతూ వచ్చి, "బాబూ, అర్ధరాజ్యం ఇస్తాను!" అన్నాడు.

చండకేతు పంజరం తెరిచాడు. చిలక మెడ విరిచాడు. కరాళుడు కూలిపోయాడు. కొయ్యరౌతులు ఒళ్ళు విరుచుకుని లేచారు. అన్నలు తమ్ముణ్ణి కావలించుకుని ఏడ్చారు.

అందరూ మణిగిరి చేరేసరికి రాజు పూలదండతో ఎదురొచ్చాడు.

"నా మెడలో వద్దు," అన్నాడు చండకేతు. "రౌతుల తల్లుల ముందు తల వంచండి."

రాజు ఇంటింటికీ నడిచాడు. కొందరు క్షమించారు, కొందరు తలుపే తీయలేదు. ఆయన కిరీటం వదులుకున్నాడు. అన్నలు తమ్ముడికే పట్టం కట్టమన్నారు. నీలవేణితో పెళ్ళి వైభవంగా జరిగింది.

చండకేతు కొత్త కట్టడి పెట్టాడు: జాతరనాడు రౌతు రాజును నిలబెట్టి తిట్టవచ్చు. మొదటి ఏడు ఒక రౌతు, చెరువు కట్ట తెగి నెల్లాళ్ళయినా పూడ్చలేదని దులిపేశాడు. తిడుతుండగానే వాన మొదలైంది. రౌతు ఆపలేదు. రాజు చేతులు కట్టుకుని, తడుస్తూ, చివరిదాకా విన్నాడు. మర్నాడు పార పట్టుకుని కట్టమీదికి వెళ్ళాడు. అలా ఏలాడు, తల నెరిసేదాకా.