దస్తగిరి మామకు రెస్టు

బసవపున్నయ్యకు సన్నాయిలో వచ్చిన చిక్కు సన్నాయి వల్ల వచ్చింది కాదు, దస్తగిరి మామ వల్ల వచ్చింది.

దస్తగిరి పని శ్రుతి పట్టడం. అంటే ఒకరు రాగాలు తీస్తుంటే, పక్కన కూర్చుని మరో సన్నాయిలో ఒకే ఒక్క స్వరాన్ని ఎడతెగకుండా ఊదడం. మొదట గురువుగారి పక్కన, ఆ తర్వాత శిష్యుడు బసవపున్నయ్య పక్కన, ముప్పై ఏళ్ళుగా అదే స్వరం. కళ్ళు మూసుకుని ఊదుతాడు గనక నిద్రపోతున్నాడని సగం ఊరి నమ్మకం. దాంతోనైనా సర్దుకోవచ్చు. కానీ వాయిద్యం మధ్యలో ఉన్నట్టుండి బసవపున్నయ్య తొడ గిల్లుతాడు. ఎందుకో చెప్పడు. ఆ మచ్చలు చూసి బసవపున్నయ్య భార్య రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. ఆ లోటు ఊరు తీర్చింది.

గురువు షేక్ సిలార్ సాహెబు. ఆయన మాట్లాడేది తక్కువ. అందుకని అందరూ జ్ఞాని అంటారు. "నేను మాట్లాడనిస్తే గదా" అంటుంది ఆయన భార్య హజరత్ బీ.

నల్లమడుగు రైసుమిల్లు వారి పెళ్ళికి మేళం ఒప్పుకున్నప్పుడు, ఈసారి బసవపున్నయ్యను ముందు కూర్చోబెడదామనుకుంటున్నానని గురువుగారు అన్నారు. పదేళ్ళ శిష్యరికంలో మొదటిసారి.

"వచ్చే బేస్తవారం పొద్దున నా ముందు ఒక గంట వాయించు. తర్వాత చూద్దాం."

ఆ సంబరంలో బసవపున్నయ్య బెజవాడ వెళ్ళి విదేశీ శ్రుతి పెట్టె కొన్నాడు. మీట నొక్కితే చాలు, శ్రుతి అదే మోగుతుంది. మనవాళ్ళు చేసేదాని ధరలో మూడోవంతుకే వచ్చింది, పైగా నాలుగు రంగుల లైట్లు. ఏ దేశానిదో దానిమీద రాసే ఉంది గానీ ఆ లిపి మండలంలో ఎవరికీ రాదు. ప్రెసిడెంటుగారు తిప్పి చూసి జపాన్ అన్నారు. పోస్టుమాస్టరు కొరియా అన్నాడు. ఇద్దరూ ఇంకా అదే మాట మీద ఉన్నారు.

మూడోరోజు దాని అడాప్టరు కాలిపోయింది. బసవపున్నయ్య ఎవరికీ చెప్పకుండా ఇంకోటి కొన్నాడు. అందరికీ తెలిసింది.

"మామా, ఇక నువ్వు రెస్టు తీసుకో," అన్నాడు దస్తగిరితో.

"మంచిది అల్లుడూ," అన్నాడు దస్తగిరి. తన సన్నాయిని గుడ్డసంచిలో పెట్టుకున్నాడు.

బేస్తవారం వచ్చింది. గురువుగారి అరుగు మీద ఎండ పడుతోంది. బసవపున్నయ్య పెట్టెను పక్కన పెట్టి మీట నొక్కి, సన్నాయి అందుకున్నాడు. దస్తగిరి టీ కోసమని వచ్చి గోడకి ఆనుకున్నాడు. ఆయన ఆ ఇంటికి టీ కోసం రాని రోజు లేదు.

గంటసేపు వాయించాడు. పోనుపోను పెదవులతో సన్నాయి రెల్లుపీకను మరింత బిగించాల్సి వచ్చింది. రాగం పట్టు మీదుంది గాబోలనుకుని ఇంకా బిగించాడు. ముగించేసరికి ముఖమంతా చెమట.

"ఎట్లా ఉంది గురువుగారూ?"

గురువుగారు గోడవైపు తిరిగారు.

"దస్తగిరీ, ఊదు."

దస్తగిరి టీ గ్లాసు కింద పెట్టి, సంచి విప్పి, ఊదాడు. పెట్టె ఇంకా మోగుతూనే ఉంది. రెండూ కలిసి చేసిన చప్పుడుకు వంటింట్లోంచి హజరత్ బీ కేకేసింది.

"ఎవరయ్యా మేకను తొక్కింది?"

"మామ శ్రుతి దిగిపోయింది గురువుగారూ," అన్నాడు బసవపున్నయ్య జాలిగా. "వయసు గదా."

గురువుగారు పెట్టె మీట ఆపేశారు. ఒక్క దస్తగిరి స్వరమే మిగిలింది.

"పెదవి వదులు చెయ్యి. మొదట్లో ఎట్లా పట్టావో అట్లా పట్టి ఊదు."

బసవపున్నయ్య ఊదాడు. ఆ స్వరం వెళ్ళి దస్తగిరి స్వరంలో పీట వేసినట్టు కూర్చుంది.

అతను మెల్లగా పెట్టెను ముట్టుకున్నాడు. ఎండకు పెనంలా కాలుతోంది. వేడెక్కేకొద్దీ దాని శ్రుతి పైకి పోయింది. దాని వెంటే పెదవి బిగిస్తూ అతనూ పోయాడు, గంటసేపు.

"నువ్వన్నా చెప్పొచ్చు గదా మామా!"

"నాకు రెస్టు గదా అల్లుడూ," అన్నాడు దస్తగిరి. "పనిలో ఉంటే గిల్లేవాణ్ణి."

బసవపున్నయ్య నోరు తెరవబోయి ఆగాడు. కింది పెదవి చిట్లింది. గురువుగారు తన కండువా చెంగుతో ఆ నెత్తురు అద్ది, హజరత్ బీ చేత కాస్త వెన్న తెప్పించి రాశారు. చంటిపిల్లాడికి రాసినట్టే రాశారు.

"మరి పెళ్ళి..."

"పది రోజులుంది గదా." దస్తగిరి చేతిలో సన్నాయి తీసి శిష్యుడి చేతిలో పెట్టారు. "అప్పటిదాకా నువ్వు శ్రుతి పట్టు. దీనికి పెదవి బిగించక్కర్లేదు. వాయించేది నేను."

"ఇందులో ఒక్క స్వరమే గదా గురువుగారూ?"

"అందుకే."

"పెళ్ళిలో ముందు కూర్చునేది మరి?"

"దస్తగిరి చెప్తాడు."

మొదటిరోజు అయిదు నిమిషాలైనా కాకముందే గోడ దగ్గర్నించి దస్తగిరి గొంతు వినిపించింది. "శ్రుతి కదిలింది అల్లుడూ." రెండోరోజూ అదే మాట. మూడోరోజు బసవపున్నయ్య పెట్టెను రేడియో రిపేరు సుబ్బారాయుడి దగ్గరికి పట్టుకెళ్ళాడు. అతను నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"విప్పడానికి ఒక్క మర లేదు బాబూ. అంతా జిగురుతో అతికించారు. ఇది బాగుచెయ్యడానికి చేసింది కాదు, మళ్ళీ కొనడానికి చేసింది."

బసవపున్నయ్య ఇంటికి చేరేలోపే ఆ మాట అతని భార్యకు చేరింది.

అయిదోరోజు "కదిలింది" అనే మాట రెండుసార్లే వినపడింది. ఏడోరోజు ఒక్కసారి. ఎనిమిదోరోజు దస్తగిరి టీ తాగి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

తొమ్మిదోరోజు గురువుగారు ఆలాపన చేస్తున్నారు. బసవపున్నయ్య శ్రుతి పట్టి కూర్చున్నాడు. ఒకచోట, రాగం చివర, గురువుగారి స్వరం వెంట్రుకవాసి కిందికి జారింది. ఎవరికీ తెలిసేది కాదు. బసవపున్నయ్య చటుక్కున తలెత్తి చూశాడు.

గురువుగారు అప్పటికే అతనివైపు చూస్తున్నారు.

గోడ దగ్గర దస్తగిరి గ్లాసు కింద పెట్టి, లేచి వచ్చి చెయ్యి చాపాడు.

"ఇటివ్వు అల్లుడూ. నా చోట్లో ఎంతసేపు కూర్చుంటావు?"