బిగించిన కిటికీ

అమీన్ బాబా శిష్యుల్లో జిలానీకి కోపం ముక్కుమీదే ఉండేది. ఆ రోజు ఆ కోపమంతా దర్గా వంటింటి మీద పడింది.

సంగతేమంటే, బాబాకు పొడిదగ్గు. గదిలో గాలికి కాస్త తేమ తగలాలని, పొగలాగా నీటితుంపర చిమ్మే మిషనొకటి జిలానీ తెచ్చి, బోరునీళ్లు పోసి పెట్టాడు. పక్కనే వంటిల్లు, మధ్యలో తలుపు కూడా లేదు. గంట తిరక్కుండానే, నీలంగా మండే గ్యాసు పొయ్యి నారింజరంగుకు తిరిగింది.

"ఎర్రమంటంటే విషమని తెలీదా? పొయ్యిలో ఏం ఒలకబోశావు?" అని వంటమనిషి పెంచలమ్మ మీదికి లేచాడు.

"నేనేం పొయ్యలేదు నాయనా. పొద్దున్నే తోమి పెట్టుకున్నా."

"అయితే ఈ ముసురుగాలే!" అని కిటికీ బిగించాడు. పైన గాలికన్నానికి అట్ట అంటించాడు.

రంగు పోలేదు సరికదా, మధ్యాహ్నానికి మంట సోలిపోయి, పసుపుపచ్చగా పైకి సాగి, గంజి డేకిసా అడుగున మసి కట్టింది.

"గాలాడట్లేదు నాయనా. తల పగిలిపోతా ఉంది. కిటికీ తియ్యి."

"పొయ్యి పాడు చేసింది చాలక నాకే చెప్తావా? రేపట్నించి రావద్దు, పో!"

ఇరవై ఏళ్లుగా అక్కడ గంజి కాచిన మనిషి. గోడ పట్టుకుని కూలబడింది.

ఆ కేకకు బాబా వచ్చాడు. పొయ్యి ఆపాడు. పెంచలమ్మను రెక్క పట్టుకుని బయటికి నడిపించి, అరుగు మీద కూర్చోబెట్టాడు. తిరిగొచ్చి, గంజి కలిపే ఇనప గరిటె ఎత్తి కిటికీ అద్దం ఫెళ్లుమనిపించాడు. అట్ట పీకి జిలానీ కాళ్ల దగ్గర విసిరికొట్టాడు. బాబాలో అంత కోపం ఉందని దర్గాలో ఎవరికీ అప్పటిదాకా తెలీదంటే నమ్మండి!

గాలి బాగా ఆడాక, పొయ్యి వెలిగించి తోమిన గిన్నె పెట్టాడు. మంట నారింజే. గిన్నె అడుగు మాత్రం తెల్లగానే ఉంది.

"చూశారా బాబా, రంగింకా పోలా..."

బాబా మిషను మూత తీసి, వేలు ముంచి, జిలానీ నాలిక మీద రాశాడు.

"ఎట్టుంది?"

"ఉప్పగా ఉంది బాబా."

"ఆ ఉప్పు తుంపరే మంటకు రంగేసింది," అని బాబా మిషను ఆపాడు. కాసేపటికి మంట నీలానికి తిరిగింది.

జిలానీ మసి పట్టిన డేకిసా వైపు చూశాడు. "మరి ఆ మసి? ఆమె తలనొప్పి?"

బాబా పగిలిన కిటికీ వైపు చూశాడు. "రంగు మారిందని ఇల్లెగిరిపోయేట్టు అరిచావు. మనిషి గాలాడట్లేదంటే నీకు వినపళ్లేదు."

మర్నాడు తెల్లారేసరికి జిలానీ పెంచలమ్మ గడపలో ఉన్నాడు. ఏం చెప్పుకున్నాడో, ఆమె వచ్చింది. అద్దం బిగించేవాడు వస్తే జిలానీయే వెనక్కి పంపి, జాలీ కొట్టించాడు.

ఆమె పొయ్యి వెలిగించింది. జిలానీ మంట వైపు చూడలేదు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు. "గాలాడతా ఉందా?"